నీళ్ళ కింద గచ్చులు

ఈ ఏడాది మా పాత సర్వే ఆఫీసులో స్టైపెండ్ మీద చేరిన కాలేజీ పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. వెళ్ళాను. మైకు ముందు నిలబడేసరికి గొలుసు బిగుతుగా ఎలా పట్టుకోవాలో, ఫీల్డ్‌బుక్కులో అంకె తప్పు పడితే దాన్ని దిద్దకుండా కొట్టేసి పక్కన ఎందుకు రాయాలో చెప్పి కూర్చున్నాను. అసలు చెప్పాలనుకున్నది నోటికి రాలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను. మీలో చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవడానికి తడుముకుంటారు. ఇంట్లో అమ్మనో నాయనమ్మనో చదివి వినిపించమనండి. ఇందులో కొంత వాళ్ళకీ తెలిసిన సంగతే.

సునామీ వచ్చేనాటికి నేను సర్వేయర్‌గా చాలా ఏళ్ళు చేశాను. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల తీరంలో ఏ హద్దు రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని గర్వం కూడా ఉండేది. ఆ ఆదివారం ఉదయం ఆ గర్వం పోయింది. మా వైపు అల కొట్టిన దెబ్బ ఒక ఎత్తు, నేల కుంగడం ఇంకో ఎత్తు. అల వచ్చి వెళ్ళిపోయింది. కుంగిన నేల మళ్ళీ లేవలేదు. రోజుకి రెండుసార్లు పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వరిపొలాల్లోకి, ఇళ్ళలోకి నడిచి వచ్చేది. మా నక్షాల్లో పొలం అని ఉన్నచోట నీళ్ళు, దారి అని ఉన్నచోట బురద.

ఎవరి నేల ఎంత మునిగింది, ఎవరి ఇల్లు ఎక్కడుండేది అని జాబితాలు తయారు చెయ్యాలి. ఆ జాబితాల మీదే కొత్త చోటు ఇచ్చేది. ఆఫీసులో చూస్తే సగం కుర్చీలు ఖాళీ. భూమి రోజూ కదులుతూనే ఉండేది. భయపడి చాలామంది కుటుంబాలతో మెయిన్‌లాండ్ వెళ్ళిపోయారు. అప్పుడే పైవాళ్ళకి ఈ ఆలోచన వచ్చింది. కాలేజీ పిల్లల్ని ఆరు నెలలు స్టైపెండ్ మీద తీసుకుందాం, పని నేర్చుకున్నవాళ్ళు తర్వాత పరీక్ష రాసి ఉద్యోగంలోకి రావచ్చు అని.

నా కింద వేసిన ముగ్గురిలో ఇద్దరు బురద చూసి వారంలోనే మానేశారు. మిగిలింది ఒక అమ్మాయి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ దుపట్టా నడుముకి బిగించి కట్టుకుని ఉండేది. దరఖాస్తులో మిడిల్ పాయింట్‌లోని ఒక కిరాణా కొట్టు చిరునామా రాసింది. సరే, మన శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన వ్యాపారుల పిల్ల అనుకున్నాను. అంతకు మించి అడగలేదు. అడక్కపోవడం నా మొదటి తప్పు.

ఆడపిల్ల నడుంలోతు నీళ్ళలో గొలుసు లాగుతుందా అని నాకు అనుమానం. కొలత గొలుసు లాగే మా చైన్‌మన్‌కి లేదు. ఆయన తాతలనాడు రాంచీ నుంచి అడవి కొట్టడానికి వచ్చిన కుటుంబం వాడు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. బజారు తెలుగు బాగానే వచ్చు.

"సాబ్, బిటియా నీళ్ళలో నడక చూడండి. అడుగు ఎత్తదు, జరుపుతుంది. నీళ్ళ దగ్గర పెరిగిన పిల్ల" అన్నాడు మొదటి రోజే. ఆయన చూశాడు. నేను చూడలేదు.

పిల్ల చురుకైంది. హిందీ మీడియంలో చదివింది, లెక్కలు నోటితో చేసేది. మొదటి నెల స్టైపెండ్ రాగానే మోకాళ్ళదాకా వచ్చే గంబూట్లు కొనుక్కొచ్చింది. అవి మగవాళ్ళ సైజు. వేళ్ళ దగ్గర గుడ్డలు కుక్కుకుని వేసుకునేది. చైన్‌మన్ నవ్వితే, "నవ్వకు దాదా, జలగలు నిన్నే పడతాయి" అనేది.

ఇక ఆ రోజు సంగతి.

మిన్నీ బే దాటాక తీరం లోపలికి వంగే చోట చేపలవాళ్ళ వీధి ఒకటి ఉండేది. మన ఉత్తరాంధ్ర జాలర్లు. ఎప్పుడో పడవలేసుకుని బతకడానికి వచ్చి, గవర్నమెంటు నేల మీద ఇళ్ళు కట్టుకున్నారు. పట్టాలు లేవు. అయినా సునామీకి ముందు అక్కడ ఇల్లు ఉండేదని సర్వేయర్ రాస్తే ఎత్తు మీద స్థలం ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. రాయకపోతే ఏమీ రాదు. అంత తేడా నా పెన్నులో ఉంది.

మేం వెళ్ళింది పౌర్ణమి మర్నాడు, ఉదయం పదింటికి. నిండు పోటు. గట్టు మీద నిలబడి చూస్తే వీధి లేదు, గోడ లేదు, వాసం లేదు. అంతా ఒకటే నీరు. మనుషులు అప్పటికే టిన్ షెడ్ల క్యాంపులో ఉన్నారు.

ఆ మధ్యాహ్నమే విశాఖ ఓడ వస్తోంది. సునామీ తర్వాత నా భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇక తిరిగి రానని రెండుసార్లు ఫోన్‌లో చెప్పింది. మూడోసారి వస్తానంది. ఆ ఓడలో వస్తోంది. నా మనసంతా జెట్టీ దగ్గరే ఉంది.

"రాయమ్మా. నీరు. నిర్మాణాలు లేవు" అన్నాను.

పిల్ల పెన్ను కదపలేదు.

"సార్, నీరు తీసీసాక మళ్ళీ వొద్దామా?"

"నీరు తీసేది నాలుగింటికి. ఓడ మూడింటికి. అయినా నీరు తీస్తే ఏముంటుంది, బురద తప్ప? రాయి."

రాసింది. నేను సంతకం పెట్టాను. జెట్టీకి వెళ్ళాను. నా భార్య ఓడ మెట్లు దిగుతూ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక వీధి సంగతే మర్చిపోయాను.

రెండు వారాలు గడిచాయి. అమావాస్య దగ్గర పడింది. పిల్ల వరసగా మూడు రోజులు మధ్యాహ్నం మూడు కాకుండానే వెళ్ళిపోతానని అడిగింది. మూడో రోజు నేను విసుక్కున్నాను.

"స్టైపెండ్ ఇస్తున్నది సగంపూట పనికి కాదు. ఇష్టం లేకపోతే ఆ ఇద్దరిలాగే మానెయ్" అన్నాను.

"రేపటి నుంచి అడగను సార్" అని తలొంచుకుని వెళ్ళిపోయింది.

చైన్‌మన్ పక్కనే బీడీ వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల ఆర్పేశాడు.

"ఏక్ బాత్ బోలూఁ సాబ్? ఒక్క మాట చెప్పాలి" అన్నాడు. "బిటియా ఇంటికి వెళ్ళడం లేదు. ఆ చేపలవాళ్ళ వీధిలో నీళ్ళు తీసే టైముకి వెళ్ళి కొలుస్తోంది. మన పాత టేపు నేనే ఇచ్చాను. రెండో కొస పట్టుకుంది కూడా నేనే. తిట్టాలంటే నన్ను తిట్టండి."

మర్నాడు పిల్లని పిలిచి ఆ కొలతలు చూపించమన్నాను. సంచిలోంచి బడి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

తెరిచి చూశాను. వీధి మొత్తం గీసి ఉంది. వరసగా పన్నెండు గచ్చులు. ఇళ్ళు కూలిపోలేదు. పోటు ఆగడం లేదని వాళ్ళే టిన్ రేకులు, వాసాలు, తలుపులు విప్పుకుని క్యాంపుకి మోసుకెళ్ళారు. సిమెంటు గచ్చుల్ని మోసుకెళ్ళలేరు కదా. అవి బురద కింద అలాగే ఉన్నాయి. ఒక్కో గచ్చు పొడవు, వెడల్పు, గట్టు మీది హద్దు రాయి నుంచి దూరం. పొయ్యి గడ్డ ఎక్కడుందో, గడప రాయి ఎటు తిరిగి ఉందో కూడా రాసింది. నేను నేర్పినదాని కంటే బాగా రాసింది.

ఏడో గచ్చు దగ్గర గీతలున్నాయి, అంకెల్లేవు.

"ఇదెందుకు కొలవలేదు?"

పిల్ల ఆ గీతల మీద వేలు పెట్టి తీసేసింది.

"నీరు ఎక్కువుందా?"

"నేదు సార్. అది మాది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మా ఇల్లు సార్. మా అయ్య జాలరే. మిడిల్ పాయింట్ కొట్టు మా పిన్నిది. క్యాంపు అడ్రస్ రాస్తే తీసుకోరేమోనని అది రాసాను. మా ఇల్లు నేనే కొలిస్తే గలత్ కదా. అందుకే వొదిలీసాను."

"ఆ రోజు నేను నిర్మాణాలు లేవని చెప్పినప్పుడే నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఓడ వొచ్చీస్తాదని కంగారుగా ఉన్నారు. మేడమ్ వొస్తన్నారని తెలుసు. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత భయమేసింది." కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మారలేదు. "నేను నా చేత్తోనే రాసాను సార్, మా ఇల్లు నేదని."

ఇన్నేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. హద్దు తగాదాల్లో ఒకాయన నా మీదకి కత్తి ఎత్తాడు. అవేవీ ఇలా గుచ్చుకోలేదు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. తన ఇంటిని తుడిచేసే మాట నేను చెబితే, దాన్ని నా పక్కన నిలబడి చక్కటి అక్షరాలతో రాసింది. ఆ తర్వాత నేను చెయ్యాల్సిన పని తను చేసింది. చేస్తూ కూడా తన ఇంటి దగ్గర టేపు చుట్టేసింది.

రిపోర్టు అప్పటికే పైకి వెళ్ళిపోయింది. దాన్ని మార్చడానికి రెండు దారులున్నాయి. ట్రైనీ పొరపాటుగా రాసిందని ఒక కాగితం పెట్టడం సులువు. నిజానికి రాత ఆమెదే. రెండోది, తప్పు నాదేనని రాసివ్వడం. ఆఫీసులో నా స్నేహితుడొకాయన మొదటి దారే సలహా ఇచ్చాడు. "ప్రమోషన్ లిస్టులో నీ పేరు మొదట ఉంది. ఆ పిల్లకి పోయేదేముంది, పర్మనెంటు ఉద్యోగమా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. నా మంచి కోరే చెప్పాడు. ఒక్క క్షణం నాకూ అది సబబుగానే అనిపించింది. దాచుకోను.

ఇంటికెళ్ళి నా భార్యతో చెప్పాను. అన్నం వడ్డిస్తూ వింది.

"నేను ఆ ఓడలో రాకపోతే నువ్వు నీళ్ళలోకి దిగేవాడివా?" అంది.

"దిగేవాణ్ణే."

"అయితే ఇప్పుడు దిగు. నేను వచ్చేశాను కదా, ఎక్కడికీ పోను."

మర్నాడు ఒక అరపేజీ రాసుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఆయన ఉత్తరాది మనిషి. తక్కువ మాట్లాడతాడు, అదీ హిందీలో. కాగితం రెండుసార్లు చదివాడు.

"పదిహేను రోజుల క్రితం సంతకం నీదే కదా?"

"నాదే సార్. అక్కడ కాలు పెట్టకుండా పెట్టాను."

"కారణం?"

"నా సొంత పని సార్. నా భార్య వస్తున్న ఓడ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఫైల్లో ఉంటుంది. నేను తీసెయ్యలేను" అన్నాడు.

"తెలుసు సార్."

"పౌర్ణమికి నీరు ఎన్నింటికి తీస్తుంది?"

"మూడు దాటాక."

"నేనూ వస్తాను."

అన్నట్టే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి గట్టు మీద నిలబడ్డాడు. క్యాంపు నుంచి మనుషులు ముందే వచ్చి ఉన్నారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లలు. అందరూ నీళ్ళకేసే చూస్తున్నారు.

నీరు మెల్లగా తియ్యడం మొదలైంది. ముందు గడప రాయి ఒకటి తేలింది. తర్వాత గచ్చు అంచు. ఇంకొకటి. చూస్తుండగా ఒక ముసలామె చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది. నడిచి నడిచి ఒకచోట ఆగి, కాలితో తడిమి, అక్కడ నిలబడింది. ఆమె వెనక మిగిలినవాళ్ళు. ఎవరూ చెప్పలేదు. ఎవరి గచ్చు మీదకి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. గోడల్లేవు, కప్పుల్లేవు. కానీ వీధి మళ్ళీ కనిపించింది. ఇటు నాలుగడుగుల దూరంలో ఒక కుటుంబం, మధ్యలో సందు, అటు ఇంకో కుటుంబం. ఒకామె అలవాటు కొద్దీ చెప్పులు గడప బయట విడిచింది.

పెద్దసారు జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటకే అనుకుంటాను.

కొలత మొదలుపెట్టాం. ఈసారి నేనే నీళ్ళలోకి దిగాను. గొలుసు ఒక కొస నేను, ఇంకో కొస చైన్‌మన్. గట్టు మీద ఇంకో గుమాస్తా రాశాడు. ఏడో గచ్చు దగ్గరికి వచ్చేసరికి దాని మీద ఒక్క మనిషే ఉన్నాడు. పొట్టిగా, ఎండకి మాడిన ఒళ్ళు, వలల వల్ల కాయలు కాసిన చేతులు. మోకాళ్ళదాకా బురద.

"ఎన్నేళ్ళ నుంచి ఉన్నారిక్కడ?" అని పెద్దసారు హిందీలో అడిగితే నేను తెలుగులో అడిగాను.

"మా గుంట పుట్టకముందు నుంచీని బాబూ. ఇదిగో, ఇక్కడ పొయ్యి. అదిగో, అక్కడ మా అమ్మ పడుకునీది."

"అమ్మాయి ఏం చేస్తోంది?" అని పెద్దసారు మళ్ళీ నాచేత అడిగించాడు.

ఆయన గట్టుకేసి చూడబోయి ఆగిపోయాడు. కూతురు చెప్పొద్దందని నాకు అర్థమైంది. తండ్రి అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక గచ్చుకేసి చూస్తున్నాడు.

"సార్, ఈయన కూతురు మన ట్రైనీ. ఈ వీధి గచ్చుల సంగతి కనిపెట్టింది ఆమే. ఈ ఒక్క ఇల్లు మాత్రం ఆమె కొలవలేదు" అన్నాను.

పెద్దసారు వెనక్కి తిరిగాడు. గట్టు మీద దూరంగా, మావైపు వీపు పెట్టి, ఆ పెద్ద గంబూట్లలో నిలబడి ఉంది పిల్ల. అటు రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. తనకి తనే అంతదూరం వెళ్ళి నిలబడింది.

"ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడాయన.

"అవును సార్. నేనూ ముందే అడిగి ఉండాల్సింది."

ఆయన కాసేపు ఆ వీపుకేసి చూసి, "ఈ ఇల్లు రెండుసార్లు కొలవండి. రేపు ఎవరూ వేలు పెట్టకూడదు" అన్నాడు.

రెండుసార్లు కొలిచాం. రెండుసార్లూ ఒకే లెక్క వచ్చింది. చైన్‌మన్ గట్టిగా, గట్టు మీదకి వినబడేలా అంకెలు చదివాడు. పిల్ల తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్తాను, ఎందుకంటే అవి తొందరగా జరగలేదు. చిరునామా దాచినందుకు పిల్లకి మందలింపు కాగితం ఇచ్చి, ఆ ఫైలు తేలేదాకా వేరే సెక్షన్‌లో పడేశారు. పాత నక్షాలు గుడ్డ మీద అతికించే పని. ఒక్క రోజు నాగా పెట్టకుండా చేసింది. నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ నా జూనియర్‌కి వెళ్ళింది. అతను స్వీట్లు పంచినప్పుడు తిన్నాను, బాగానే ఉన్నాయి. వీధివాళ్ళకి ఎత్తు మీద స్థలాలు రావడానికి ఏడాది పైనే పట్టింది. పన్నెండు ఇళ్ళకీ వచ్చాయి. ఏడో ఇంటి కాగితం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, రెండుసార్లు కొలిచినందుకు రెండుసార్లు ప్రశ్నలు. కానీ వచ్చింది. జాలరికి సముద్రం దూరమైందని వాళ్ళు ఇప్పటికీ గొణుగుతారు. అదీ నిజమే.

ఆరు నెలల ట్రైనింగ్ అయ్యాక పిల్లకి ఉద్యోగమేమీ సిద్ధంగా లేదు. పరీక్ష రాసింది, తప్పింది. మా ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది. నా భార్య టీ ఇచ్చి, "మళ్ళీ ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. ఆదివారాలు వచ్చేది. నాకొచ్చిన సర్వే లెక్కలు నేను చెప్పాను, నాకు రాని కొత్త మిషన్ల సంగతి తనే చదువుకుని నాకు చెప్పింది. రెండోసారి పాసైంది. మొదటి పోస్టింగ్ దూరపు దీవిలో. ఓడ ఎక్కించడానికి నేనూ, చైన్‌మనూ, వాళ్ళ అయ్యా వెళ్ళాం. చైన్‌మన్ కొత్త గంబూట్లు తెచ్చాడు. ఈసారి ఆమె సైజువే. "దాదా, ఇప్పుడు ఇస్తావా ఇవి" అని ఏడ్చింది. ఆయన ఇప్పుడు లేడు.

పిల్లలూ, మిమ్మల్ని ఆ రోజు హాల్లో కూర్చోబెట్టిన ఆఫీసరమ్మ ఆమే. మీ ముందు ఈ కథ చెబితే ఒప్పుకోదని నాకు నోరు రాలేదు.

పోయిన నెల మా పేట ఆస్టినాబాద్‌లో వర్షపు కాలవ వెడల్పు చేయడానికి సర్వే జరిగింది. ఆమె మీలో నలుగుర్ని వెంటబెట్టుకుని మా వీధికి వచ్చింది. వరసగా కొలుచుకుంటూ మా గోడ దగ్గరికి వచ్చారు. జీవితమంతా ఊరి హద్దులు కొలిచానే గానీ, మేస్త్రీ కట్టిన నా కాంపౌండు గోడని నేనెప్పుడూ కొలుచుకోలేదు. టేపు పట్టుకున్న అమ్మాయి, మీలోనే ఒకామె, అంకె చూసి ఆగిపోయింది. నాకేసి చూసింది, మేడమ్‌కేసి చూసింది.

"ఎంతొచ్చింది?" అంది ఆఫీసరమ్మ.

"మేడమ్, ఇది సార్ ఇల్లు..."

"తెలుసమ్మా. ఎంతొచ్చింది చెప్పు."

"రెండడుగుల మూడంగుళాలు బయటికొచ్చింది మేడమ్. కాలవ నేల మీద."

ఆఫీసరమ్మ నాకేసి చూసింది. కళ్ళలో ఇబ్బంది లేదు. నేనేం చెబుతానో అన్న ఎదురుచూపు ఉంది. లోపల నా భార్య గిన్నెల చప్పుడు ఆపేసింది.

"నిలబడ్డావేం తల్లీ, రాసుకో" అన్నాను టేపు పట్టుకున్న అమ్మాయితో. "రాసుకుని లోపలికి రండి. టీ పెట్టిస్తాను."